గడిలో పట్టని బిరడా

పన్నెండో పరీక్షనాళికను కడిగి, కిటికీ వెలుతురుకేసి ఎత్తిపట్టి చూసి, చెక్క స్టాండులో బోర్లించి, పదమూడోదాన్ని అందుకుంది వెసెల. పన్నెండేళ్లుగా ఆ నాళికల్లో ఎవరూ ఒక్క చుక్క పోసింది లేదు. దుమ్ము తప్ప వాటికి అంటే మురికే లేదు. అయినా ప్రతి గురువారం పొద్దున్నే నలభై నాళికలనూ సోడా నీళ్లలో ముంచి, సన్నకుంచె లోపల తిప్పి, రెండుసార్లు తొలిచి పెట్టకపోతే ఎంగిలి గిన్నెలు తోమకుండా వదిలేసినట్టుంటుంది ఆమెకు.

మనిషి పొట్టి, కాస్త బొద్దు. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ముప్ఫై తొమ్మిదేళ్ల సోడా నీళ్లకు వేళ్ల చివర్లు పగుళ్లు తేలాయి. ఆ పగుళ్లలో ఎప్పటిదో గోధుమరంగు మరక ఇంకిపోయి ఇక వదలనంటుంది. నడిచేటప్పుడు ఎడమ మడమ కొంచెం ఈడుస్తుంది. తెల్లకోటు మాత్రం ఇస్త్రీ మడత చెడకుండా ఉంటుంది. ఆ కోటుకు గుండీలు లేవు. గుండీలు ఉండాల్సిన చోట ఐదు జతల నాడాలు కుట్టి ఉంటాయి. కింది నుంచి పైదాకా ఐదు ముళ్లు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి ఏటా ఒకసారి నవ్వుతారు.

"పిన్నీ, అది కోటా, దిండు గలీబా?"

"గలీబే. లోపల దూది కనపట్టంలా?" అని పొట్ట తట్టి చూపిస్తుంది వెసెల. అంతటితో ఆ మాట తేలిపోతుంది. గుండీలు ఎందుకు లేవని నిలదీసి అడిగినవాళ్లు లేరు. తెలిసినవాళ్లలో కొందరు రిటైరై వెళ్లిపోయారు. కొందరి ఫొటోలు చావుకబురు కాగితాల మీదికెక్కి, బడి తలుపుకు కొన్నాళ్లు అంటుకుని ఉండి, వానకు తడిసి ఊడిపోయాయి.

బ్రెస్తోవెన్ హైస్కూల్లో ఆమెది లాబ్ అటెండరు ఉద్యోగం. దన్యూబు ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఈ గదిలో గంటగంటకూ ఏదో ఒకటి పొంగేది, మండేది, పొగలు చిమ్మేది. ఫ్యాక్టరీ మూతపడింది. ఊరు సగం ఖాళీ అయింది. ఆ తర్వాత పైనుంచి మనుషులొచ్చి, గడువు తీరిన మందులు పిల్లల మధ్య ఉండకూడదని చెప్పి సీసాలన్నీ పెట్టెల్లో సర్దుకుని పట్టుకుపోయారు. కొత్తవి పంపిస్తామన్నారు. పంపలేదు. ఖాళీ బీరువాలూ, నాళికలూ, వెసెలా మిగిలారు.

కెమిస్ట్రీ చెప్పే పెంచెవ్ సారు మంచివాడే. కానీ చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ లేనివాడు ఏం చేస్తాడు? ఆయన బోర్డు మీద సమీకరణాలు రాస్తుంటే వెనక బెంచీలు గురకపెట్టేవి. సీసాలు పోయిన ఆ చలికాలంలో వెసెల చిరిగిన గోడపటం ఒకటి తిరగేసి, వెనకున్న గుడ్డ మీద రంగులతో గళ్లు గీసింది. ఇక్కడ ఇంటింటా బల్ల సొరుగులో ఉండే ఆటే అది. నాలుగు మూలలా నాలుగు ఇళ్లు, మనిషికి నాలుగు కాయలు. ఆరు పడితేనే కాయ బయటికొస్తుంది, చుట్టూ తిరిగి నడిమింటికి చేరితే పండినట్టు. దారిలో ఎదుటివాడి కాయ మీదికి మన కాయ వచ్చిందంటే అది చచ్చినట్టే. మళ్లీ మొదటికి పోవాలి. చచ్చినవాడు అలగకూడదు. ఆట పేరే 'అలగకోయ్'.

వెసెల అందులో మార్చింది కొంచెమే. నాళికలకు పెట్టే బెండు బిరడాలకు రంగులు పూసి కాయలు చేసింది. ఎర్రవి ఆమ్లాలు, నీలివి క్షారాలు, పసుపువి లోహాలు. బూడిదరంగువి ఆర్గాన్ లాంటివి, ఎవరితోనూ కలవనివి. ఒక గడిలో ఇద్దరు కలిశారంటే ఏమవుతుందో పైకి చెప్పాలి. జింకు వచ్చి ఆమ్లం మీద పడితే హైడ్రోజన్‌ని బయటికి గెంటుతుంది. రాగి వచ్చిందంటే గెంటలేక అదే చస్తుంది. ఆమ్లమూ క్షారమూ ఎదురుపడితే మాత్రం ఎవరూ చావరు. ఒకరు లవణం, ఒకరు నీళ్లు అయి ఇద్దరూ అక్కడికక్కడే పండిపోతారు. చెప్పలేనివాడి కాయ వెనక్కి.

"కెమిస్ట్రీ అంటే జూదమా, వెసెలా?" అన్నాడు పెంచెవ్ సారు మొదట్లో. మూడు వారాలకు ఆయనే ఆ పటాన్ని చుట్టచుట్టి ఎనిమిదో తరగతికి పట్టుకుపోయాడు. తిరిగిచ్చేటప్పుడు, "రాగి కాయలన్నీ నాకంటగట్టి చంపేశారు వెధవలు" అన్నాడు. ఆయన అంత ఉషారుగా ఉండటం ఆమె అంతకుముందు చూడలేదు.

బూడిదరంగు కాయల్ని ఎవరూ కోరుకోరు. వాటినెవరూ చంపలేరు, అవీ ఎవరి జోలికీ పోవు. ఊరికే గళ్లు దాటుకుంటూ తిరిగి రావడమే. ఆడేవాళ్లు ముగ్గురే ఉన్నప్పుడు నాలుగో చెయ్యిగా వెసెల వాటితో ఆడుతుంది. పిల్లలు చాటున ఆమెను ఆర్గానమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఈ వేసవిలో కాయలన్నీ కొత్తగా చేసింది. మునుపటివి చిటికెన వేలంత ఉండేవి. ఇవి పచ్చడి జాడీకి పెట్టేంత లావు. గళ్లు మాత్రం పాతవే.

"పిన్నీ, ఇవి గడిలో పట్టట్లేదు. పక్కవాడి గడి కూడా ఆక్రమిస్తున్నాయి" అంది రలిత్స, మొదటిసారి చూసి.

"గడిలో పట్టకపోతే పోనీ. నోట్లో పట్టకూడదు. అదీ లెక్క."

రలిత్స కూతురు యానకు అప్పుడు ఏడో నెల. దొరికిందల్లా నోట్లోకే.

ఇక చిన్నదంటూ మిగిలింది పాచిక ఒక్కటే. దాన్ని వెసెల క్షణం కూడా బల్ల మీద ఉండనివ్వదు. పందెం పడిందో లేదో చెయ్యి చాపుతుంది. పాచిక వచ్చి ఆమె గుప్పిట్లో పడాలి. మళ్లీ ఆమే ఇవ్వాలి. "పాచికకి కూడా పిసినారితనమేంటి పిన్నీ" అని దెప్పుతుంది రలిత్స. వెసెల గుప్పిట ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

రలిత్స పదో తరగతిలో ఉండగా కడుపుతో బడి మానేసిన పిల్ల. ఇప్పుడు పంతొమ్మిది. మొగుడు దోసకాయల కోతకని వసంతంలో జర్మనీ వెళ్లాడు, ఇంకా రాలేదు. తెల్లవారకముందే బేకరీలో రొట్టెలు సర్ది, మధ్యాహ్నాలు చదువుకుని, ప్రైవేటుగా కట్టి అన్ని సబ్జెక్టులూ గట్టెక్కింది. కెమిస్ట్రీ మాత్రం రెండుసార్లు తప్పింది. రెండోసారి తప్పిన రోజున బడి మెట్ల మీద కూర్చుని, పిల్లకు పాలిస్తూ ఏడుస్తుంటే వెసెల కంటపడింది. ఏడవద్దని చెప్పలేదు వెసెల. "నీకు 'అలగకోయ్' ఆడటం వచ్చా?" అని అడిగింది. వచ్చన్నట్టు తల అడ్డంగా ఊపింది ఆ పిల్ల, ఇక్కడ అవునంటే అలాగే ఊపుతారు. అప్పట్నుంచీ వారానికి మూడు మధ్యాహ్నాలు ఈ లాబులోనే.

ఈ రోజు మూడోసారి పరీక్ష. జిల్లా ఆసుపత్రిలో నర్సులకు సాయంగా ఉండేవాళ్ల కోర్సు సోమవారం మొదలవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టు చేతిలో ఉంటేనే పేరు రాసుకుంటారు. తప్పితే మళ్లీ జనవరి. బేకరీ అప్పటిదాకా ఉండదు, యజమాని ఇప్పటికే పొయ్యి బేరం పెట్టాడు.

వెసెలకు కూడా ఇది ఆఖరి వారమే. పద్నాలుగో తేదీతో ఉద్యోగం అయిపోతుంది. గదికి రంగులేసి కంప్యూటర్లు పెడతారట. దాని గురించి ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఈ పిల్ల గట్టెక్కితే చాలు, తర్వాత ఈ గదిలో ఏం పెట్టుకుంటే ఏం.

నాళికలన్నీ బోర్లించాక చేతులు తుడుచుకుని, నేల మీద మోకాళ్లు ఊనింది. అరచేత్తో నేలంతా తడిమింది. బెంచీల కింద, బీరువాల కింద, గోడ వారగా. నిన్న సాయంత్రం ఒకసారి ఇలాగే తడిమితే గుండుసూది ఒకటి, పూస ఒకటి, సుద్దముక్కలు దొరికాయి. ఇవాళ ఏమీ దొరకలేదు. అయినా రెండోసారి తడిమింది. గాజుసామాను వచ్చిన పాత చెక్కపెట్టె ఒకటి గది మధ్యకు లాగి, లోపల బొంత పరిచింది. ఆ పెట్టెలోంచి పొడుచుకొచ్చిన మేకులన్నీ నిన్ననే పీకేసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది పెట్టింది.

చివరికి కోటు జేబులోంచి చిన్న గోధుమరంగు సీసా తీసింది. గుండె పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు. మిరియం గింజంత ఉంటాయి ఒక్కోటి. "కొండలు పేల్చే మందే సారూ ఇది, మోతాదే తేడా" అని పెంచెవ్ సారుతో హాస్యమాడుతుంటుంది. ఆ సీసా ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది. కానీ ఎత్తుకోగానే యాన చెయ్యి పోయేదీ ఆ జేబులోకే. ఇన్నాళ్లూ గంటో రెండు గంటలో, తల్లి పక్కనుండగా. ఇవాళ మధ్యాహ్నందాకా పిల్ల ఒక్కతీ తన దగ్గర. వెసెల స్టూలు జరుపుకుని, ఎక్కి, ఎత్తైన బీరువా మీద త్రాసు పెట్టె వెనకాల సీసాను దాచింది. దిగాక బీరువా అంచు పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది.

ఎనిమిదిన్నరకు రలిత్స రొప్పుతూ వచ్చింది. చంకలో పిల్ల, భుజానికి సంచీ, జుట్టు మీద బేకరీ పిండి.

"పిన్నీ, చచ్చాను. రాత్రి చదివిందంతా ఊడ్చుకుపోయింది. బుర్ర గుమ్మడికాయ."

"గుమ్మడికాయలోనూ గింజలుంటాయిలే. పిల్లనిలా ఇయ్యి."

"మా అత్త మిరపకాయలు జాడీలకెత్తే షిఫ్టు మానుకోనంది. 'నీ చదువులకి నేను జీతం కోయించుకోవాలా' అంది మొహం మీదే."

"ఆవిడకి పళ్లున్నాయి, కరుస్తుంది. దీనికి ఏం పెట్టావు?"

"సగం అరటిపండు. సీసాలో పాలున్నాయి. పిన్నీ, అది పాకుతోంది ఇప్పుడు. కన్నుమూసి తెరిచేలోగా ఎక్కడో ఉంటుంది. నేల మీద ఏమైనా..."

"నాకు తెలుసు."

"నోట్లో ఏదన్నా పెట్టుకుంటే..."

"రలీ. నాకు తెలుసే తల్లీ."

ఆ గొంతు విని రలిత్స పిల్లను అందించింది. వెసెల ఆమె జుట్టు మీది పిండి దులిపింది.

"రాగి, ఆమ్లం?"

"రాగి చస్తుంది."

"కాగితం మీద అలా ఏడవకు. చర్య జరగదు అని రాయి. ఆమ్లం, క్షారం?"

"ఎవరూ చావరు."

"రలీ!"

"లవణం, నీరు. తెలుసులే పిన్నీ. నీ మొహం అలా ఎర్రగా అవుతుంటే బావుంటుంది, అందుకని."

వెసెల బీకరు నిండా నీళ్లు పట్టింది. కిటికీలోని జెరేనియం కొమ్మ ఒకటి తుంచి అందులో వేసింది. ఇళ్లలో అయితే మంచిపని మీద బయల్దేరేవాళ్ల ముందు రాగి చెంబుతో పోస్తారు. గుమ్మం బయట నీళ్లు ధారగా పోసి, "నీళ్లలా సాగిపోవాలి నీ పని" అంది. రలిత్స ఆ తడి మీదుగా దాటి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. వెనక్కి చూడకూడదు. యాన మాత్రం వెసెల భుజం మీంచి తల్లి వెళ్లినవైపే చూసి, కింది పెదవి బయటపెట్టింది.

పరీక్ష కింది గదిలోనే. కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు.

పాలు తాగించాక గుడ్డపటం నేల మీద పరిచి, కాయలు చుట్టూ పెట్టింది వెసెల. యాన బోర్లాపడి ఎర్రకాయను అందుకుంది, నోట్లో కుక్కుకోబోయింది. పట్టలేదు. కొత్తగా వచ్చిన రెండు కింది పళ్లతో అంచు గీకింది. వెసెల పాచిక దొర్లించి చూపిస్తే కిలకిలా నవ్వింది. అది ఆగీ ఆగకముందే పాచిక గుప్పిట్లోకి వెళ్లిపోయేది. మళ్లీ దొర్లించు అన్నట్టు యాన ఆ గుప్పిట మీద కొట్టేది.

కిటికీలోంచి ఎవరి పెరట్లోనో మిరపకాయలు కాలుస్తున్న కమ్మని ఘాటు వస్తోంది. ఇదే కాలం. అప్పుడూ ఇదే వాసన.

అప్పటికి ఆమె కొడుకు మార్తిన్‌కు పదకొండో నెల. ఇన్‌స్టిట్యూట్‌లో చదువు మొదటి ఏడుతోనే ఆగిపోయి, ఈ ఉద్యోగం దొరికి, ఫ్యాక్టరీలో పంపులు నడిపే అసెన్‌ను చేసుకుని, కాపురం నిండుగా ఉన్న రోజులు. బడినుంచి వచ్చి, కోటైనా విప్పకుండానే పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకునేది. పైనుంచి మూడో గుండీ మూడు రోజులుగా దారానికి వేలాడుతోంది. రేపు కుడదాం, రేపు కుడదాం అనుకుంది. పిల్లాడు దాన్నే పట్టుకుని ఆడుకునేవాడు. ఆ సాయంత్రం వాణ్ణి చాప మీద దించి పొయ్యివైపు తిరిగింది. పాలు పొంగడానికి పట్టేంత సేపు, అంతే. తిరిగి చూసేసరికి పిల్లాడి మొహం నీలంగా ఉంది. కోటు మీద దారం ఒక్కటే ఉంది.

మిగిలిన నాలుగు గుండీలూ ఆమె ఆ వారమే కత్తిరించేసింది. అసెన్ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బతకడం తేలికయ్యేదేమో. ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని సూపు తాగారు. తర్వాత అతను సోఫియాకు తాపీపనికి వెళ్లాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, ఆ పైన పండగలకి, ఆ పైన రావడమే లేదు.

పదిన్నరకు హెడ్‌మిస్ట్రెస్ కిరొవ తలుపు తోసింది.

"వెసెలా, పెయింటర్లు సోమవారం వస్తున్నారు. ఆ అట్టలూ పటాలూ పాతకాగితాల సేకరణలో వేయించెయ్. అరె, ఈ పిల్ల ఎవరిది?"

"కింద పరీక్ష రాస్తున్నవాళ్లది. మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది."

"ఏమన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుందే."

"ఏమీ కాదు."

"నీ మొహమేంటి అలా పాలిపోయింది?"

"గోడలకి వేయించేటప్పుడు నాక్కూడా రెండు పూతలు వేయించండి మేడం."

కిరొవ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. వెసెలకు చెమట పడుతోంది. పొద్దున స్టూలు దిగినప్పటి బరువు మళ్లీ రొమ్ము మీద కూర్చుంది, ఈసారి ఎడమచేతిలోకి జారుతూ. అలవాటుగా చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ.

బీరువా వైపు చూసింది. స్టూలు అక్కడే ఉంది. నాలుగడుగులు.

యాన గుడ్డపటం మీద పాకుతోంది. పాచిక దానికి జానెడు దూరంలో ఉంది. నొప్పి వచ్చినప్పుడు చేతిలోంచి జారినట్టుంది, ఆమెకు తెలియనే లేదు. యాన కూడా దాన్ని చూసింది. చూసి, చిన్న అరచెయ్యి చాపింది.

వెసెల నాలుగడుగులు అటు వేయలేదు. మోకాళ్ల మీద ఇటు వచ్చింది. పాచికను గుప్పిట్లోకి లాక్కుంది. తర్వాత పిల్లను నడుం దగ్గర పట్టుకుని లేవనెత్తింది. పది నెలల పిల్ల అంత బరువుంటుందని ఎప్పుడూ అనిపించలేదు. చెక్కపెట్టెలో బొంత మీద కూర్చోబెట్టింది. పెట్టె అంచులు పిల్ల చంకలదాకా వచ్చాయి. దాటలేదు. దగ్గరున్న కాయలు రెండు మూడు లోపల వేసింది. బొంత మడతలన్నీ కుడిచేత్తో మరోసారి తడిమింది. ఏమీ లేదు. లావు కాయలు తప్ప ఏమీ లేదు.

కాస్త ఊపిరి అందాక లేద్దామనుకుని పెట్టెకు ఆనుకుని కూలబడింది.

యాన ఎర్రకాయను మళ్లీ నోట్లో కుక్కుకోబోయింది. పట్టలేదు. విసుగొచ్చి దాన్ని పెట్టె బయటికి విసిరింది. అది దొర్లి పటం మీద ఒక గడిలో ఆగింది. పిల్ల మొహం ముడుచుకుపోయింది, పెదవి వణికింది.

"అలగకోయ్" అంది వెసెల.

గొంతు అంత మెల్లగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యమనిపించింది. యాన ఏడుపు ఆపి, తల వంచి, ఆమెకేసి చూసింది. కింద కుర్చీలు జరిగాయి. పరీక్ష అయినట్టుంది. నలభై నాళికలూ ఆరిపోయి ఉంటాయి, లోపల పెట్టాలి అనుకుంది వెసెల.

పన్నెండుంపావుకు రలిత్స మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. గుమ్మం ముందు నీళ్లు ఆరిపోయి, అంచున సన్నటి గీత ఒకటి మిగిలింది.

"పిన్నీ! నాలుగు! మూడొస్తే గట్టెక్కినట్టే కదా పిన్నీ, నాకు ఆరుకి నాలుగు!"

యాన పెట్టెలో నిలబడి, అంచు పట్టుకుని ఎగిరింది. వెసెల పెట్టెకు తల ఆన్చి కూర్చునే ఉంది.

"అయ్యో, నిద్రపోయావా? ఇది నిన్ను దున్నేసిందా? విను, విను. నేనొక వెధవపని చేశా, తిట్టకూడదు మరి. తొమ్మిదో ప్రశ్న ఆమ్లమూ క్షారమే. చెయ్యి దానంతటదే రాసేసింది పిన్నీ, 'ఎవరూ చావరు, ఇద్దరూ పండుతారు' అని. కొట్టేద్దామనుకునేలోపు గంట కొట్టారు. బయటినుంచి వచ్చిన మేడం దాన్ని పైకి చదివి, 'ఇదేం కెమిస్ట్రీ, ఎవరూ చావరట!' అని ఒకటే నవ్వు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అప్పుడు పెంచెవ్ సారు లేచి నిలబడ్డారు. 'నవ్వకండి. అమ్మాయ్, ఎందుకు చావరో చెప్పు' అన్నారు. చెప్పా. సమీకరణం రాశా, రెండువైపులా సరిపోయింది. ఆ మేడం జింకు అడిగింది, రాగి అడిగింది, చివరికి ఆర్గాన్ అడిగింది. ఆర్గాన్ ఎవరితోనూ కలవదండీ, కానీ మా ఊళ్లో ఒక ఆర్గాన్ ఉంది, అది అందరితోనూ కలుస్తుంది అన్నా. సారు కళ్లు తుడుచుకున్నారు తెలుసా? సోమవారం బస్సుకి వెళ్తున్నా పిన్నీ. పిన్నీ?"

వంగి భుజం మీద చెయ్యి వేసింది.

పెంచెవ్ సారు పరిగెత్తుకొచ్చాడు. జిల్లానుంచి అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు. "మాత్రలు, కోటు జేబులో ఉంటాయి చూడు" అని ఆయనే జేబు వెతికాడు. రెండో జేబూ వెతికాడు. "ఎప్పుడూ ఇందులోనే కదా పెట్టుకుంటుంది, ఎక్కడ పెట్టింది?"

రలిత్స పిల్లను రొమ్ముకు అదుముకుని గది చుట్టూ చూసింది. ఊడ్చిన నేల, మేకులు పీకిన పెట్టె. ఎత్తైన బీరువా పక్కన స్టూలు. ఆమె చూపు స్టూలు మీంచి పైకి, త్రాసు పెట్టె దాకా పోయి ఆగింది.

"పైన ఉంటుంది సారూ" అంది. "యానకి అందకుండా పెట్టి ఉంటుంది." అని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

అంబులెన్సులో వచ్చినామె చేతులు సర్దబోతే ఎడమ గుప్పిట విడలేదు. వేళ్ల సందులోంచి తెల్లగా పాచిక మూల ఒకటి కనిపించింది. "తియ్యనా?" అని అడిగిందామె. వద్దన్నాడు పెంచెవ్ సారు. అలాగే పంపించారు.

బడి తలుపు మీద చావుకబురు కాగితం అంటించారు. వెసెల ఫొటో గుర్తింపు కార్డు నుంచి తీసింది, పెద్దది చేస్తే మసకగా వచ్చింది. పేరు, పుట్టిన సంవత్సరం, లాబ్ అటెండరు, ముప్ఫై తొమ్మిదేళ్లు. అందులో ఇంకేమీ రాయలేదు. ఎవరిని అడిగి రాస్తారు?

పోయినవాళ్లను తలుచుకునే నలభయ్యో రోజున రలిత్స ఆసుపత్రి నుంచి సెలవు పెట్టి వచ్చింది. ఉడికించిన గోధుమలు చక్కెర కలిపి సమాధి దగ్గర పంచింది. వచ్చినవాళ్లు ఏడుగురు. తిరిగి వెళ్తూ బడికి వెళ్లింది. లాబు గోడలు లేత ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నాళికలు లేవు. పటాన్ని పెంచెవ్ సారు పాతకాగితాల్లో పడనివ్వకుండా తన తరగతికి తెచ్చి వెనక బల్ల మీద పరిచాడు. పిల్లలు వస్తారు, కాయలు సర్దుకుంటారు, పాచిక లేదని లేచిపోతారు. "రేపు తెస్తాను" అంటాడాయన రోజూ. తేవడం లేదు.

యాన ఇప్పుడు అడుగులు వేస్తోంది. తల్లి చెయ్యి విడిపించుకుని బల్ల కాలును పట్టుకుంది. మునివేళ్ల మీద లేచినా బల్ల అంచు దానికి అందలేదు. బల్ల మీద పాచిక లేని పటం ఉంది. ఎవరూ ఆడని ఆ ఆటలో ఎర్ర బిరడా ఒకటి, అంచున రెండు చిన్న పళ్ల గాట్లతో, తన గడిలో పట్టక పక్క గడిలోకి సగం ఒరిగి ఉంది.